కట్టయ్య కొలిచిన తీగ

కొత్తవాడలో కట్టయ్య మగ్గం ఆడుతున్నంతసేపూ చుట్టుపక్కలవాళ్లు హాయిగా కునుకు తీసేవాళ్లు. అది ఆగిందంటే ఉలిక్కిపడి లేచేవాళ్లు. "కట్టయ్యకు పానం బాగలేదా ఏంది?" అని ఒకరినొకరు అడుక్కునేవాళ్లు. ముప్పై ఏళ్లుగా ఆ టకటకలకు అలవాటు పడ్డ వాడ మరి. కట్టయ్య మాత్రం తన మగ్గం చప్పుడు చేస్తుందంటే ఒప్పుకునేవాడు కాదు. "చప్పుడు చేసేది మిల్లు. మగ్గం ముచ్చట పెడ్తది" అనేవాడు.

మనిషి పొట్టి, చేతులు పొడుగు. ఆ చేతులే ఆయనకు కొలబద్దలు. మోచేతి నుంచి నడివేలి కొసదాకా మూర, రెండు మూరలైతే గజం. బావికి తాడు కావాలన్నా, పందిరికి వాసం కావాలన్నా వాడకట్టువాళ్లు కట్టయ్యనే పిలిచేవాళ్లు. ఆయన కొలిచి ఇచ్చిన తాడు ఏనాడూ నీళ్లకు అందకుండా పోలేదు. అందుకని ఆయనకు కాస్త గీర కూడా ఉండేది. ఉండనీండి, ఉండదగ్గ గీరే.

ఆయన పుట్టింది కేసముద్రం పక్కన ఒక పల్లెలో. వరుసగా రెండేళ్లు వానలు మొహం చాటేస్తే, కొనేవాడు లేక మగ్గం మూలపడింది. పెళ్లయి ఏడాది కూడా కాని మొగిలమ్మను వెంటబెట్టుకుని వరంగల్ స్టేషన్లో రైలు దిగాడు. చంకన బట్టల మూట, భుజాన పోగులు దూర్చే నేత పన్నె, అంతే ఆస్తి. కొత్తవాడలో ఇల్లిల్లూ తిరిగినా, కాళ్లు దించుకుని నేసే మగ్గం గుంట తవ్వుకోవడానికి ఎవరూ చోటివ్వలేదు. పొద్దు వాలే వేళకు వీరభద్రం ఇంటి ముందు ఆగాడు. వీరభద్రం కూడా నేతగాడే, ముక్కుమీద కోపం. వచ్చినవాణ్ని కిందికీ మీదికీ చూసి, "అడుగుతానవా, ఏడుస్తానవా?" అని కసిరాడు. కసిరినవాడు లోపలికి పోయి గడ్డపార తెచ్చి చేతిలో పెట్టాడు. ఇంటిని ఆనుకుని ఉన్న వసారా చూపించి, "గీడ తవ్వుకో. నా గోడ గిట్ల పడగొట్టినవంటె మాత్రం ఊకోను" అన్నాడు.

ఆ పూట కట్టయ్య బదులేమీ చెప్పలేదు. ఆ తర్వాత కూడా చెప్పలేదు. కృతజ్ఞత అనే మాట పుస్తకాల్లో బాగుంటుంది గాని కొత్తవాడలో ఎవరి నోటా రాదు. చేతికి వస్తుంది. వీరభద్రం ఇంటి పైకప్పు పెంకులు ఏటా వానలకు ముందు కట్టయ్యే సర్దేవాడు. భాగ్యమ్మ, అంటే వీరభద్రం భార్య, పురుటి మంచం మీదున్న నెలన్నాళ్లూ ఆ ఇంటి పొయ్యి మొగిలమ్మే ముట్టించింది. కట్టయ్య దంపతులకు పిల్లలు కలగలేదు. ఆ పురిట్లో పుట్టిన సారంగపాణి తల్లి దగ్గర కన్నా మొగిలమ్మ ఒళ్లోనే ఎక్కువ పెరిగాడు.

సారంగపాణికి మగ్గం అబ్బలేదు. కాజీపేట స్టేషన్లో తంతి కొట్టే బాబుల వెంటపడి ఆ టిక్కుటక్కుల భాష నేర్చుకున్నాడు. యుద్ధం రోజుల్లో పటాలంలో వైర్లెస్ పనికి చేరి బర్మా వైపు పోయాడు. నలభై ఆరులో తిరిగొచ్చేసరికి ఎడమ కాలు వంగడం లేదు, కుడి మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. కొడుకు ముఖం చూడకుండానే వీరభద్రం అంతకు ముందు ఏడు కన్నుమూశాడు. సారంగపాణి ముందుగదిలో బల్ల వేసుకుని రేడియోలు బాగుచేస్తూ బతుకు నెట్టుకొస్తున్నాడు. తంతి మీటను మాత్రం పెట్టెలో అడుగున పెట్టేశాడు. నాలుగేళ్లుగా దాన్ని ముట్టుకోలేదు. చెయ్యి వణుకుతుందని భయం.

ఆ చెయ్యి గురించి కొంచెం చెప్పుకోవాలి. తంతి కొట్టేవాళ్లలో ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో తీరు. ఒకడు పొడుగు చప్పుడును ఇంకాస్త సాగదీస్తాడు, ఇంకొకడు అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగుతాడు. వినే చెవి ఉంటే పేరు చెప్పకముందే మనిషి తెలిసిపోతాడు. దీన్ని సారంగపాణి మొదటిసారి చెప్పినప్పుడు వాడలో అందరూ నోరెళ్లబెట్టారు. కట్టయ్య ఒక్కడే, "గందుల వింతేమున్నది? నేత మీద చెయ్యి పెడితె ఎవల మగ్గందో నేను చెప్పనా?" అన్నాడు.

నలభై తొమ్మిది వానాకాలంలో సారంగపాణికి అలెప్పీ నుంచి ఉత్తరం వచ్చింది. రాసింది మాథ్యూ. బర్మాలో బాంబు పడి తగలబడుతున్న గుడిసెలోంచి సారంగపాణిని భుజాన వేసుకుని, మూడు మైళ్లు అడవిలో నడిచి, మిలిటరీ దవాఖాన గుడారంలో పడుకోబెట్టిన మనిషి. సారంగపాణికి తెలివి వచ్చేటప్పటికే మాథ్యూను ఇంకో చోటికి పంపేశారు. ప్రాణం నిలబెట్టినవాడికి ఒక్క మాట కూడా చెప్పుకోలేకపోయానని సారంగపాణి లోపల్లోపలే కుమిలేవాడు. ఎక్కడెక్కడికో రాసి రాసి చివరికి చిరునామా పట్టుకున్నాడు. జవాబుగా వచ్చిందీ ఉత్తరం.

"కాగితం మీద థాంక్స్ రాస్తే చించి పారేస్తాను" అని రాశాడు మాథ్యూ. "నా ఇంట్లో వైర్లెస్ పెట్టుకున్నాను. నువ్వూ లైసెన్సు తెచ్చుకుని పెట్టు. డిసెంబరు మొదటి మూడు ఆదివారాలు పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా, నలభై మీటర్ల బ్యాండు మీద నీకోసం పిలుస్తాను, వింటాను. ఆ తర్వాత ఓడలో కొలువు, ఎన్నేళ్లకు తిరిగొస్తానో తెలియదు. చెప్పేదేదో నీ చేతితో చెప్పు. వెయ్యిమందిలో ఉన్నా నీ చెయ్యి గుర్తుపడతాను."

ఉత్తరం చదివి వినిపించి సారంగపాణి మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. "ఆ చెయ్యి గిప్పుడేడున్నది కాకా? గీ వంకర చేతితోని కొడితె ఎవలనుకుంటడు నన్ను?"

"కొట్టకముందే ఏడుసుడేందిరా? ముందుగాల కొట్టు. ఆయనెందుకు గుర్తువట్టడో నేను చూస్త" అన్నాడు కట్టయ్య, తనకేదో అలెప్పీలో అధికారం ఉన్నట్టు.

దరఖాస్తు పెట్టి, పరీక్ష రాసి, సుబేదారి కచేరీ చుట్టూ కుంటుకుంటూ తిరిగితే, నవంబరు చివరకు ఢిల్లీ నుంచి లైసెన్సు కాగితం వచ్చింది. మిలిటరీవాళ్లు అమ్మేసిన పాత సామాను సికింద్రాబాద్ నుంచి తెచ్చి, చెప్పులపెట్టె అంత సెట్టు ఒకటి తయారుచేశాడు. మోటారు బ్యాటరీతో నడుస్తుంది. ఇక మిగిలింది ఏరియల్. అది లేకపోతే సెట్టు నోరులేని మనిషితో సమానం. ఇంటిమీద తూర్పు పడమరలుగా ఇరవై రెండు గజాల రాగితీగ కట్టాలి, దాన్ని సరిగ్గా నడిమికి తెంపాలి, ఆ తెగినచోటి నుంచి పేనిన జంట తీగ కిందికి దించి సెట్టుకు కలపాలి. అలా కడితే పంపే బలం అలెప్పీ ఉన్న దక్షిణానికి పోతుంది. వంగని కాలితో పెంకులు ఎక్కడం సారంగపాణి వల్ల కాని పని.

"నేనున్న గద" అన్నాడు కట్టయ్య. మగ్గం ఆపాడు. వాడంతా ఉలిక్కిపడింది.

రెండు పొడుగాటి వెదురుబొంగులు తెచ్చాడు. తీగ బొంగుకు తగిలితే బలం కారిపోతుందని సారంగపాణి చెబితే, ఎండిన టేకు ముక్కలు చెక్కి, వాటిని మైనంలో ఉడికించాడు. వానకు తడవకుండా ఉండాలని ఇంకోసారి కూడా ఉడికించాడు. ఎవరూ అడగలేదు, ఆయన స్వభావం అంతే. జంట తీగ పేనే పని మొగిలమ్మ తీసుకుంది. నూలు చుట్టిన రెండు సన్నతీగల్ని రాట్నానికి కట్టి, దారం పేనినట్టు ఒక్క తీరుగా పేనేసింది. సారంగపాణి వేలితో తడిమి చూసి, ఎక్కడా ఒక్క ఎత్తుపల్లం దొరక్క తల ఊపాడు.

"సారంగం, ఒక్క ముచ్చట చెప్పు" అన్నాడు కట్టయ్య పెంకుల మీద నుంచి. "గీ తీగ గా బొంగుకాడ ఆగిపోయె. మరి అలెప్పీ కొసన ఎవలు పట్టుకుంటరు?"

"ఎవలు పట్టుకోరు కాకా. గాలిల పోతది."

"గాలిల పోతె దారిల ఇంకెవలన్న పట్టుకుంటె?"

"పట్టుకోనియ్యి. మనం దొంగ ముచ్చట చెప్తలేం గద."

కట్టయ్యకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. అయినా తీగ లాగి, పడుగు దారం బిగించినట్టు బిగించి కట్టాడు. "రెండు దిక్కుల పదకొండేసి గజాలు, సరిగ్గ కొలిచినవా కాకా?" అని సారంగపాణి కింద నుంచి అరిచాడు. "నన్నే అడుగుతానవా?" అని పైనుంచి జవాబు. ఆ జవాబుతో ఆ ప్రశ్న ముగిసిపోయింది. కట్టయ్య కొలతను రెండోసారి కొలిచే మనిషి వరంగల్‌లో లేడు.

మర్నాడే భాగ్యమ్మ పెరట్లో నిలబడి, కొత్త తీగ ఎంత పొడుగ్గా ఉందో చూసి, ఉతికిన దుప్పటి ఆరేయడానికి దాని కిందికి నిచ్చెన లాక్కొచ్చింది. సారంగపాణి కుంటుకుంటూ పరుగెత్తి ఆపాడు. "మరి గంత తీగ ఉత్తగనే ఉండాల్నా?" అని ఆమె నాలుగు రోజులు గొణిగింది.

మొదటి ఆదివారం వచ్చింది. ఎనిమిది కాకముందే నలుగురూ ముందుగదిలో చేరారు. సారంగపాణి పెట్టె అడుగు నుంచి మీట తీసి తుడిచి బల్లకు బిగించాడు. చెవులకు గిన్నెల్లాంటివి తగిలించుకున్నాడు. కుడిచెయ్యి మీట మీద పెట్టాడు. తీగకు ఒక చిన్న టార్చిలైటు బల్బు తగిలించి ఉంచాడు. తీగలోకి బలం ఎక్కితే అది వెలగాలి. మీట నొక్కితే బల్బు మిణుగురులా మినుక్కుమని ఊరుకుంది. బ్యాటరీ పాతది కదా అనుకున్నాడు. గంటసేపు పిలిచాడు. అటునుంచి జవాబు లేదు, గాలి గురగురలు తప్ప.

రెండో ఆదివారం అంతకన్నా అన్యాయమైంది. ఎనిమిదీ పదికి సారంగపాణి ఒక్కసారి నిటారుగా కూర్చున్నాడు. ముఖం వెలిగిపోయింది. "వచ్చిండు! మాథ్యూ! నన్నే పిలుస్తాండు!" అన్నాడు. జవాబు కొట్టాడు. ఆగి విన్నాడు. మళ్లీ కొట్టాడు. అటు మాథ్యూ పిలుస్తూనే ఉన్నాడు, ఇటు సారంగపాణి పలుకుతూనే ఉన్నాడు. తొమ్మిది అయ్యింది. సారంగపాణి చెవులకున్నవి తీసి మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఆయన పిలుపు నాకు ఇనవడ్డది. నేను పలికితె ఆయన పలకలేదు. నా కొట్టుడు ఆయనకు చేరే ఉంటది కాకా. ఎవడో కొత్తోడు అనుకొని ఇడిసిపెట్టిండు" అన్నాడు. "నా చెయ్యి చచ్చిపోయింది."

భాగ్యమ్మ గోడవైపు తిరిగి కళ్లొత్తుకుంది. సారంగపాణి సెట్టు మీద పాత దుప్పటి కప్పేశాడు. ఆ వారమంతా బల్ల దగ్గరికి పోలేదు. బాగుచేయమని ఇచ్చినవాళ్ల రేడియోలు అలాగే పడి ఉన్నాయి. అన్నం ముందు కూర్చుంటే నాలుగు ముద్దలకు లేచిపోయేవాడు. ఇంకొక్క ఆదివారమే మిగిలింది. అది పోతే మాథ్యూ ఓడెక్కుతాడు. సారంగపాణి ఈ ఇంట్లోనే కుమిలి ముసలివాడైపోతాడని కట్టయ్యకు తెలుసు. మగ్గం మీద కూర్చున్నా పోగు తెగిపోతూ ఉంది, అతుకుతూ ఉన్నాడు. గడ్డపార ఇచ్చిన మనిషి కొడుకు కళ్లముందే కుంగిపోతుంటే తన చేతుల్లో ఏమీ లేదే అని ఆయన మనసు చెడిపోయింది.

శనివారం పొద్దున నేసిన చీరలు మూటగట్టుకుని చౌరస్తాలో బాలకిషన్ దుకాణానికి పోయాడు. బాలకిషన్ బట్టల సేటు. ఎవరినీ నమ్మడు. సర్కారు ముద్ర వేసిన ఇనుప గజం ఒకటి ఉంది ఆయనకు. ఎంత తెలిసిన నేతగాడు తెచ్చినా ఆ గజంతోనే కొలుస్తాడు. ఎనిమిది గజాల చీర కొలిచి, కొసన మిగిలిన అంచు పట్టుకుని ఊపాడు.

"ఏం కట్టయ్యా, గీసారి గూడ జానెడు ఎక్కువనే తెస్తివి. తక్కువ తెచ్చేటోళ్లను తిడ్త. ఎక్కువ తెచ్చేటోన్ని ఏం జెయ్యాలె నేను?"

"కొసరు సేటూ. గజానికి బొటనేలెడు వేస్త. మా నాయిన నేర్పిన పద్ధతి. నేతగాని కొలత తక్కువ పడొద్దని..."

అంటూనే కట్టయ్య తన బొటనవేలి వంక చూసుకున్నాడు. గజం కొలవడం అంటే ఆయన చేతికి ఒకటే తెలుసు. రెండు మూరలు, ఆపైన బొటనవేలు అడ్డం. నలభై ఏళ్లుగా ఆ వేలు దానంతటదే వచ్చి పడుతోంది. తీగ దగ్గర కూడా పడింది. పదకొండు గజాలకు పదకొండు వేళ్లు. అది చాలదన్నట్టు కొసన ముడికి ఉండాలని ఇంకో జానెడు. ఇటూ అటూ కూడా.

"సేటూ, నీ గజం జర ఇయ్యి."

"నా గజమా? దుకాణం తాళమన్న ఇస్త గని గజం ఇయ్య."

కట్టయ్య సంగతి చెప్పాడు. అలెప్పీ, ఓడ, వణికే చెయ్యి, అన్నీ గడబిడగా కలిపి చెప్పాడు. బాలకిషన్‌కు సగమే అర్థమైంది. కాని కట్టయ్య కళ్లలో నీళ్లు పూర్తిగా అర్థమయ్యాయి. గజాన్ని చంకన పెట్టుకుని, దుకాణం తలుపు వేసి, "నేనే వస్త పద. గజం మాత్రం నా చేతిలకెల్లి పోదు" అన్నాడు.

ఇద్దరూ రొప్పుతూ కొత్తవాడ చేరారు. సారంగపాణి మంచం మీద పడుకుని ఉన్నాడు. కట్టయ్య గడప దగ్గరే ఆగిపోయాడు. "తప్పు నాది కొడుకా. నీ చెయ్యిది గాదు. తీగకు కొసరు వేసిన" అన్నాడు.

సారంగపాణి లేచి కూర్చున్నాడు. మొదట అర్థం కాలేదు. "కొసరా? తీగకా?"

"గజానికో బొటనేలు. కొసకు జానెడు. అలవాటు నా దుంప దెంప."

తీగ దించి పెరట్లో పరిచారు. మొగిలమ్మ ఒక కొస, భాగ్యమ్మ ఒక కొస పట్టుకున్నారు. బాలకిషన్ మోకాళ్ల మీద కూర్చుని, బజారు అలవాటు పోక, "లాభం, రెండు, మూడు" అంటూ లెక్కపెట్టాడు. ఒక్కో వైపు మూరెడు పైన ఎక్కువ తేలింది. రెండూ కలిపితే మూడడుగులు దాటింది. సారంగపాణి పెన్సిలుతో ఏదో వేసి చూసుకుని, కాగితం వంకా కట్టయ్య వంకా చూశాడు. "మూడడుగులు! తీగ పొడుగైతె శ్రుతి తప్పుతది కాకా. ఇనుడైతె ఇనవడ్తది గని, పంపే బలం తీగలకు ఎక్కదు. గందుకే బల్బు వెలగలే. ఆయన నన్ను గుర్తువట్టక గాదు, నేను ఇనవడనే లేదు!" అన్నాడు. ఇంటికొచ్చిన నాలుగేళ్లలో సారంగపాణి పగలబడి నవ్వడం అదే మొదలు. నవ్వులోనే కళ్ల వెంట నీళ్లు కారాయి. మూడో ఆదివారం ఇంకా తెల్లారనందుకు కట్టయ్య లోపల్లోపలే తెలిసిన దేవుళ్లందరికీ దండం పెట్టుకున్నాడు.

ఎక్కువైన తీగ తెంపాలి. పట్టకారు కట్టయ్య చేతికే ఇచ్చారు. ఆయన తీగను పట్టకారు నోట్లో పెట్టి నొక్కలేక నిలబడిపోయాడు. జీవితంలో ఏ కొలతా తగ్గించి ఇచ్చిన చెయ్యి కాదు. మొగిలమ్మ విసుక్కుంది. "బట్ట గాదు గద. నొక్కు. ఎవలు తక్కువైందనరు." ఆయన కళ్లు మూసుకుని నొక్కాడు.

మర్నాడు పొద్దున మీట నొక్కగానే బల్బు తెల్లగా వెలిగింది. భాగ్యమ్మ రెండు చేతులూ జోడించింది. బాలకిషన్ కూడా వచ్చాడు, గజం లేకుండా. సారంగపాణి చేతిని ఒకసారి దులిపి, ఇవతలి నుంచి తానే పిలవడం మొదలుపెట్టాడు. మూడుసార్లు పిలిచి ఆగాడు.

సారంగపాణి పెన్సిలు కదిలింది. ఒక్కొక్క అక్షరమే కాగితం మీద పడుతోంది. రాస్తూ రాస్తూనే పైకి చదివాడు. "ఏమంటాండంటె... 'చెయ్యి నీదే. కొంచెం కుంటుతోంది. కాని నీదే' అంటాండు."

కట్టయ్య పంచె కొంగుతో ముఖం తుడుచుకున్నాడు. సారంగపాణి చాలాసేపు కొట్టాడు. బర్మా అడవి, గుడారం, తండ్రి పోయిన సంగతి, కాలు, చెయ్యి, అన్నీ చెప్పుకున్నాడు. చివర్లో ఆగి ఒక చిన్న ముక్క కొట్టాడు.

"ఏం చెప్పినవు కడమకు?" అన్నాడు కట్టయ్య.

"థాంక్స్ అన్న కాకా."

"గంతేనా? మూడు మైళ్లు మోసినోనికి గంతేనా?" కట్టయ్యకు కోపమే వచ్చింది. "మన మాట చెప్పు."

"మన మాట ఏందే?"

"నీ కడుపు సల్లగుండ అను."

సారంగపాణి నవ్వాడు గాని కాదనలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాటను పేర్చి కొట్టాడు. అర్థం కాలేదు, మళ్లీ చెప్పమని అటునుంచి గుర్తు వచ్చింది. మళ్లీ కొట్టాడు. "ఇదేం భాష?" అన్నాడు మాథ్యూ. నీ కడుపు, నీ పిల్లలు, నీ వాళ్లంతా చల్లగా ఉండాలని మా కాక దీవెన అని సారంగపాణి విప్పి చెప్పాడు. ఆ తర్వాత వచ్చిన మాట చదివి వినిపిస్తే భాగ్యమ్మ కూడా నవ్వేసింది. "పొద్దున్నించి కాఫీ కూడా తాగలేదు, కడుపు ఖాళీ. అయినా చల్లబడింది" అన్నాడట.

"నువ్వు చాలా గట్టిగా వినిపిస్తున్నావు. తీగ ఎవరు కట్టారు?" అని అడిగాడు మాథ్యూ తర్వాత.

"కట్టింది మా కాక, నేతగాడు. పేనింది మా చిన్నమ్మ" అని కొట్టాడు సారంగపాణి.

మళ్లీ పెన్సిలు కదిలింది. ఈసారి మెల్లగా, ఆగి ఆగి. అటు మాథ్యూ ఎదురుగా రాసిపెట్టుకున్నది చూసి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని కొడుతున్నాడు. "మీ చిన్నమ్మతో నా మాటగా చెప్పు" అని, ఆపైన, "నీ... క... డు..." సారంగపాణి పైకి చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. గదిలో అందరికీ తెలిసిపోయింది. పిల్లలు లేని మనిషికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుందని కొత్తవాడలో ఆడవాళ్లెవరూ మొగిలమ్మను అలా దీవించేవాళ్లు కారు. ముప్పై ఏళ్లలో ఒక్కరు కూడా అనలేదు. అలెప్పీలో కూర్చున్న మనిషికి అదెలా తెలుస్తుంది? భాగ్యమ్మ తల దించుకుంది. కట్టయ్య పెళ్లాం వైపు చూడలేక కిటికీలోంచి తీగను చూస్తూ నిలబడ్డాడు.

నూలుకు గంజి పట్టిస్తూ మధ్యలో లేచొచ్చి గడప దగ్గర నిలబడ్డ మొగిలమ్మ, ఆ గంజి చేతులతోనే సారంగపాణి పక్కకు వచ్చింది. "ఆగినవేందిరా? నాకేనా?" అంది.

"నీకే చిన్నమ్మా. నీ కడుపు సల్లగుండ అంటాండు."

ఆమె మోచేతితో కళ్లు తుడుచుకుని, గంజి అంటుతుందని కూడా చూడకుండా సారంగపాణి తల మీద చెయ్యి వేసింది. "సల్లగనే ఉన్నది కొడుకా. అడివిలకెల్లి మోసుకొచ్చి నిన్ను నాకిచ్చిండు గద, ఇంకెట్లుంటది? గదే చెప్పు ఆయనకు" అంది.

సారంగపాణి మీట మీద చెయ్యి పెట్టి, ఆమె చెప్పింది చెప్పినట్టు కొట్టాడు.